చప్పుడు లేని పూట

"పైన ఎవరో కొడుతున్నారు."

డాక్టరమ్మ మూడో అంతస్తు మెట్ల మీద నిలబడి ఉంది. ఎక్కిన ఆయాసం కొంత, కోపం కొంత.

"ఎవరూ కొట్టట్లేదు డాక్టర్ గారూ. కావాలంటే మీరే చూడండి," అన్నాను.

చూసింది. అంతస్తంతా ఈ చివర నుంచి ఆ చివరకు బోసిగా ఉంది. మేస్త్రీ నేల మీద గొంతుక్కూర్చుని టేపు పట్టాడు. ఇద్దరు మనుషులు రాబోయే గోడలకు సుద్దతో గీతలు గీస్తున్నారు. పెయింటరు బ్రష్షు ఆడిస్తున్నాడు. మధ్యలో మా మామయ్య కర్ర చంకలో పెట్టుకుని, అరచెయ్యి పైకెత్తి, కూడలిలో పోలీసులా నిలబడ్డాడు. సుత్తి అన్నది మచ్చుకైనా లేదు. పొద్దున్నే అన్నిటినీ పెట్టెలో పడేసి తాళం వేశాను. తాళంచెవి నా మెడలో వేలాడుతోంది.

"మరి నా దగ్గరికొచ్చిన వాళ్లకు వినపడేదేంటి? చెవులకు పెట్టిన గొట్టాల్లో చిన్న కూత వినిపించి, వినపడితే బొత్తాం నొక్కమంటాను. వాళ్లు కూతకి నొక్కట్లేదమ్మా, మీ దెబ్బలకి నొక్కుతున్నారు. చెవులు లేనివాడు కూడా బ్రహ్మాండంగా పాసైపోతున్నాడు."

"ఇంకోసారి వెతుకుతాను..."

"ఇది రెండోసారి. మూడోసారి మెట్లెక్కను. మీ ఓనర్‌కి ఫోన్ చేస్తాను."

ఆమె దిగి వెళ్లిపోయింది. మేస్త్రీ టేపు చుడుతూ నా దగ్గరికి పాక్కుంటూ వచ్చాడు.

"ఇంజినీరమ్మా," అన్నాడు గుసగుసగా, "ఈ ఆఫీసులో ఎవడో మేనేజరు పోయుంటాడు. పాపం, ఇంకా డ్యూటీ దిగలేదు."

అందరూ నవ్వారు. నోళ్లు తెరిచారు, భుజాలు ఊగాయి, చప్పుడు మాత్రం రాలేదు. మామయ్య అరచెయ్యి ఇంకా పైనే ఉంది మరి.

ఆ ఎండాకాలం నా చేతికి మొదటిసారి ఒక సొంత సైటు వచ్చింది. అంతకుముందు ఎవరో ఒక పెద్దాయన వెనకాల డ్రాయింగులు మోసుకుంటూ తిరిగేదాన్ని. ఇది ఐదంతస్తుల పాత ఆఫీసు మేడ. కంపెనీలన్నీ ఊరి బయట కొత్త అద్దాల మేడల్లోకి వెళ్లిపోయాయి. ఓనరు దాన్ని ఇళ్లుగా మార్చమన్నాడు. మీటింగు గదులు పడగ్గదులవ్వాలి, ఫైళ్లు పేర్చిన చోట మంచాలు పడాలి.

అందరూ ఖాళీ చేశారు, ఒక్క రెండో అంతస్తు తప్ప. అక్కడ చెవుల ఆస్పత్రి ఉంది. వానాకాలం మొదలయ్యేదాకా డాక్టరమ్మకు ఒప్పందం ఉంది, అంతకుముందు కదిలే ఉద్దేశం ఆమెకు లేదు. ప్రపంచంలో ఇన్ని రకాల అద్దెదార్లుండగా, గోడలు పగలగొట్టే మేడలో చెవుల డాక్టరు!

చివరికి రాజీ కుదిరింది. పొద్దుటి పూట ఆమె పరీక్షలు చేసుకుంటుంది, మేం చప్పుడు లేని పనులు చేసుకుంటాం. మధ్యాహ్నం నుంచి మేడ మాది. మాట తప్పి మూడు ఫిర్యాదులొస్తే, ఆమె వెళ్లేదాకా మిషన్లు ఆగిపోతాయి. మిషన్లు ఆగితే మేస్త్రీ తన మనుషుల్ని తీసుకుని ఇంకో సైటుకి పోతాడు. వాడి కడుపూ నిండాలి కదా. మనుషులు పోతే సైటు పోతుంది. సైటు పోతే నేను మళ్లీ ఎవరి వెనకాలో డ్రాయింగులు మోయాలి.

అందుకని చేయగలిగినవన్నీ చేశాను. మిషన్ల కింద మందపాటి రబ్బరు పరుపులు వేయించాను. మెట్ల దారికి బొంతల్లాంటి తెరలు కట్టించాను. గోడల్ని సమ్మెటతో బాదకుండా రంపపు చక్రంతో ముక్కలుగా కోయించాను. గాల్లో వచ్చే మోతకు తలుపేస్తే సరిపోతుంది. కాంక్రీటులో పాకే మోతకు తలుపూ లేదు, గొళ్లెమూ లేదు. స్తంభం పట్టుకుని కిందికి దిగుతుంది, పైపు పట్టుకుని పైకి ఎక్కుతుంది, మనం ఊహించని గదిలో తేలుతుంది. పైగా మేం వచ్చిన కొత్తల్లోనే ఆఫీసు కార్పెట్లన్నీ పీకేశాం. కార్పెట్టు పోయిన నేల మద్దెలతో సమానం.

మొదటి ఫిర్యాదు న్యాయమైనదే. కరెంటు పనివాడొకడు చెయ్యి ఊరుకోక మేకు కొట్టాడు. మనుషుల్ని అదుపులో పెట్టే మనిషి కావాలని నాకప్పుడే అర్థమైంది. ఆ మనిషి మా ఇంట్లోనే ఉన్నాడు.

మా మామయ్య బట్టల మిల్లులో జాబరు. అంటే మగ్గాల వరసకు పెద్ద. వందల మగ్గాలు ఒక్కసారి ఆడుతుంటే పక్కవాడు అరిచినా వినపడదు, కాబట్టి మిల్లులో అందరూ చేతులతోనే మాట్లాడుకుంటారు. దారం తెగింది, టీ వచ్చింది, పెద్దాయన వస్తున్నాడు, అన్నిటికీ ఒక్కో సైగ. దూరంగా ఉన్నవాడి పెదాలు చూసి వాడేమంటున్నాడో చెప్పేస్తారు. మామయ్య కంటిచూపుతో మనిషిని నిలబెట్టగలడు. రిటైరయ్యాక ఆ చూపుకి మా ఇంట్లో పని లేకుండా పోయింది. టీవీ ముందు కూర్చుని, వార్తలు చదివేవాళ్ల మీద ప్రయోగించేవాడు.

ఆ టీవీ మోత వీధి చివరకు వినపడేది. మాది అరుపుల ఇల్లు. మా ఆయన "ఉప్పు" అని అరిస్తే కొత్తవాళ్లు కొట్లాట అనుకునేవాళ్లు. "కొంచెం వాల్యూం తగ్గించండి మామయ్యా," అంటే, "ఎందుకు? నాకు వినపడక కాదు. నావి పాము చెవులు. మిల్లు అలవాటు, అంతే," అనేవాడు. మేమూ అంతే అనుకున్నాం. ఎదురుగా నిలబడి ఏమడిగినా టక్కున జవాబు చెప్పేవాడు మరి.

అరవని మనిషి అత్తయ్య ఒక్కతే. ఆయన కుర్చీ వెనకాల కూర్చుని బట్టలు మడతపెడుతూ, లోగొంతుకతో ఏదో గొణుక్కుంటూ ఉండేది. టీవీ హోరులో ఒక్క ముక్కా అర్థమయ్యేది కాదు.

"అమ్మ దండకం మొదలెట్టింది," అనేవాడు మా ఆయన. "నాన్నని తిట్టాలంటే అదే మంచి చోటు. వెనకాల."

సైటుకి రమ్మని అడిగిన రోజు మామయ్య వెంటనే లేచి చొక్కా ఇస్త్రీ చేసుకున్నాడు.

"జీతం?" అంది అత్తయ్య.

"కోడలి దగ్గర జీతమేంటే! టీ ఇప్పిస్తే చాలు."

మూడో రోజుకల్లా సైటంతా మిల్లయిపోయింది. రెండు వేళ్లు చూపితే నిచ్చెన. పిడికిలి తిప్పితే మరమేకులు. చెవి పట్టుకుంటే డాక్టరమ్మ వస్తోంది. మేస్త్రీ అయితే మధ్యాహ్నం మోత మొదలయ్యాక కూడా నోరు తెరవడం మానేశాడు. "ఇన్నాళ్లూ అనవసరంగా గొంతు చించుకున్నాను ఇంజినీరమ్మా. సైగ చేస్తే ఎదురు మాట్లాడ్డానికి వాడి చేతులు ఖాళీగా ఉండవు," అన్నాడు.

మోత పట్టుకోవడానికి చెవులు కావాలేమో గానీ, మోత పుట్టకుండా చూడ్డానికి కళ్లు చాలని నాకనిపించింది. నా తెలివికి నేనే మురిసిపోయాను. సరిగ్గా అప్పుడే డాక్టరమ్మ రెండోసారి మెట్లెక్కింది.

దొంగను పట్టుకోవాలి.

మొదటి అనుమానం నీళ్ల మోటారు మీద. పొద్దుటి పూట ఆపేయించాను. అయినా కింద చప్పుడు వచ్చిందని డాక్టరమ్మ మనిషి పంపి చెప్పించింది. రెండో అనుమానం లిఫ్టు మీద. అదీ ఆపేయించాను. సిమెంటు బస్తాలు భుజాన మోసినవాళ్లు నా గురించి ఏవేవో సైగలు చేసుకున్నారు. వాటి అర్థం చెప్పమంటే మామయ్య చెప్పనన్నాడు. మూడో అనుమానం ప్లంబరు మీద. వాడు ఒట్టేశాడు. జేబులు తిప్పి చూపించాడు. పక్క మేడవాళ్లని కూడా అడిగి వచ్చాను. వాళ్లు నన్ను ఎగాదిగా చూసి, "మీ మేడ మోతకే మేం చస్తున్నాం," అన్నారు.

దెబ్బలు మాత్రం ఆగలేదు. కొన్నాళ్లకు డాక్టరమ్మ కిందికి పిలిచింది. ఫోను చేతిలోనే ఉంది.

"చేసేస్తున్నాను. చెప్పకుండా చేయడం ఎందుకని పిలిచాను."

"ఒక్క పూట ఆగండి డాక్టర్ గారూ. రేపు పొద్దున నా మనుషులందర్నీ బయటికి పంపేస్తాను. పైన పురుగు కూడా ఉండదు. నేను మీ పరీక్ష డబ్బాలో కూర్చుని వింటాను. అప్పుడూ వినపడితే ఆ చప్పుడు మాది కాదు. వినపడకపోతే మావాళ్లలోనే దొంగున్నాడు, నేనే వాణ్ని పంపేస్తాను."

ఆమె నన్ను కాసేపు చూసి ఫోను బల్ల మీద పెట్టింది.

మర్నాడు మేస్త్రీని, మనుషుల్ని ఎదురుగా ఉన్న టీ కొట్టుకి తోలేశాను. "టీ తాగడానికి కూడా ఆర్డరా!" అని మేస్త్రీ ఆశ్చర్యపోయాడు. మామయ్యను పైన కాపలా పెట్టాను. ఎవడైనా మరిచిపోయిన మూట కోసం పైకొచ్చాడో, గుమ్మంలోనే ఆపెయ్యమన్నాను.

"చీమని కూడా రానివ్వను," అన్నాడు.

డబ్బా అంటే చిన్న గది. బీరువాకున్నంత మందం తలుపు, గోడలకు స్పాంజి. తలుపు మూసుకోగానే లోకం మాయమైంది. నా ఊపిరి నాకే గాలివానలా వినపడింది. గాజు అవతల డాక్టరమ్మ చేతులు కట్టుకుని చూస్తోంది.

ఏమీ లేదు. ఇంకా ఏమీ లేదు. అయితే దొంగ మావాడే. మేస్త్రీ మొహం కళ్ల ముందుకు వచ్చింది, ప్లంబరు తిరగేసి చూపిన జేబులు వచ్చాయి.

ఠక్.

నెత్తి మీద. కాస్త ఆగి, మళ్లీ ఠక్. తర్వాత ఇంకొంచెం అవతల. సుత్తి అయితే ఒక్క చోటే పడుతుంది. ఇది కదులుతోంది. గదిలో ఆ మూలకు వెళ్లింది, ఆగింది, వెనక్కి తిరిగింది. కాళ్లు లేని నడకలా ఉంది.

నేను తలుపు తోసుకుని బయటికొచ్చాను. చెప్పులు విడిచి మెట్లెక్కాను. నా వెనకే డాక్టరమ్మ, ఆమె కూడా ఒట్టి కాళ్లతో.

మూడో అంతస్తులో ఎండ నేలంతా పరుచుకుని ఉంది. మామయ్య మాకు వీపు చేసి, కిటికీల వైపు నడుస్తున్నాడు. తలెత్తి, ఛాతీ విరిచి, మగ్గాల వరస మధ్య నడిచినట్టే. అడుగుకో కర్ర పోటు. ఆ కర్ర కింద ఇనప పొన్ను. మిల్లు వాళ్లు రిటైరైన రోజు బహుమతిగా ఇచ్చిన పొన్నుకర్ర. పైన నిలబడ్డ మా చెవులకు అది చప్పుడే కాదు, పెద్దమనిషి నడక. రోజూ విన్నాం. డాక్టరమ్మ ఎక్కి వచ్చిన రోజున మాత్రం, నిలబడి చెయ్యెత్తడానికి ఆయన దాన్ని చంకలో పెట్టుకున్నాడు.

"మామయ్యా," అన్నాను.

ఆయన నడుస్తూనే ఉన్నాడు.

"మామయ్యా!" మా ఇంట్లో పిలిచే గొంతుతోనే పిలిచాను.

ఠక్. ఠక్.

డాక్టరమ్మ నా మోచేయి పట్టుకుంది. అప్పటికి ఆయన కిటికీ అద్దం దగ్గరికి చేరాడు. అందులో మా నీడలు కనిపించినట్టున్నాయి, గిరుక్కున తిరిగాడు. మొహం వెలిగిపోయింది. అరచెయ్యి ఎత్తి చూపాడు.

"ఎవరూ రాలేదమ్మాయ్! చీమ చిటుక్కుమంటే ఒట్టు."

డాక్టరమ్మే ముందుకు నడిచి, ఆయన ఎదురుగా, మొహం కనపడేలా నిలబడింది.

"పెద్దాయనా, నాకో సాయం కావాలి. నా డబ్బాలోకి మీ సైటు మోత వస్తోందో లేదో తేల్చాలి. మంచి చెవులున్నవాళ్లు కావాలి."

"నావి పాము చెవులు," అన్నాడు మామయ్య.

"అందుకే అడుగుతున్నా."

కిందికి వచ్చి డబ్బాలో కూర్చున్నాడు. గొట్టాలు పెట్టించుకుని, బొత్తాం చేతిలో పట్టుకుని, ఫోటోకి కూర్చున్నట్టు బిగుసుకున్నాడు. డాక్టరమ్మ కూత వినిపించడం మొదలుపెట్టింది. కూత పెంచే చక్రం ఒక్కో గీతా పైకి తిప్పుతోంది. మామయ్య ఆమె మొహం వైపే చూస్తున్నాడు. ఆమె తల దించుకుని ఉంది, పెదాలు కదపట్లేదు.

ఆయన బొటనవేలు బొత్తాం మీద అలాగే ఉంది.

చక్రం చాలా దూరం తిరిగాక ఒకసారి నొక్కాడు. కాసేపటికి ఇంకోసారి. అంతే.

బయటికొచ్చి బొత్తాం నా చేతిలో పెట్టాడు.

"మిషన్ పాడైనట్టుంది," అన్నాడు.

మామయ్య డబ్బా తలుపుని, దాని మందాన్ని వేళ్లతో తడిమి చూశాడు.

"పాడవలేదు కదూ?" అన్నాడు.

"లేదు," అంది డాక్టరమ్మ.

"ఊఁ."

నేను పైకి పరుగెత్తి మిషన్ కింది రబ్బరు పరుపులోంచి ఒక ముక్క కోసుకొచ్చాను. మామయ్య కర్ర అడిగి తీసుకుని, పొన్నుకి ఆ ముక్క తొడిగి తీగతో బిగించాను.

"ఇదెందుకు?"

"నున్నటి నేల కదా మామయ్యా. జారకుండా."

ఆయన కర్ర చూశాడు, నా ఒట్టి కాళ్లు చూశాడు, పైకప్పు వంక చూశాడు. జాబరు కళ్లు. వాటికి ఇంకేమీ చెప్పక్కర్లేదు.

"జారకుండా," అన్నాడు నవ్వి. "సరే."

టీ కొట్టు నుంచి మేస్త్రీ తిరిగొచ్చాడు. "ఇంజినీరమ్మా, దెయ్యం దొరికిందా?"

నేను నోరు తెరిచేలోగా మామయ్య అందుకున్నాడు. "దొరికింది. పాపం, రిటైరైనట్టు ఎవరూ చెప్పలేదట. నేను చెప్పాను."

డాక్టరమ్మ ఫోను బల్ల మీదే ఉండిపోయింది.

చెవి మిషన్లు వచ్చాక మామయ్య వాటిని సైటులో మాత్రమే పెట్టుకునేవాడు. సాయంత్రం మేడ దిగగానే తీసి డబ్బీలో పెట్టేసేవాడు. "ఇంట్లో ఎందుకు? మీరు అరుస్తారుగా," అనేవాడు. మేం అలవాటు కొద్దీ అరుస్తూనే ఉన్నాం. సైటులో మాత్రం ఆయనతో వేగడం కష్టమైంది. బ్రష్షు గీరుకుంటోందని పెయింటర్ని, ముక్కుతో ఈల వేస్తున్నాడని ప్లంబర్ని నిలదీశాడు. "ముందే బాగుండేది ఇంజినీరమ్మా," అని మేస్త్రీ సైగ చేశాడు. మామయ్య అదీ చూశాడు.

మూడో అంతస్తులో గోడలు లేచాయి. నేల మీద రబ్బరు పరిచి, దానిపైన ఇంకో నేల పోశాం, పైవాళ్ల అడుగులు కిందివాళ్ల నిద్రలోకి రాకుండా. ఎండలు తగ్గాయి. ఆకాశం మబ్బులు పట్టిన రోజున డాక్టరమ్మ తన డబ్బా విప్పించి లారీ ఎక్కించింది. వెళ్తూ వెళ్తూ మామయ్య కర్రకున్న రబ్బరు వంగి చూసి, "అరిగింది, మార్పించు," అంది నాతో.

ఆ రోజే ఓనరు మొదటి కుటుంబాన్ని తీసుకొచ్చాడు. మొగుడూ పెళ్లాం, రెండు జడల పిల్ల. కొనేముందు పైనుంచి మోత దిగదని నిరూపించాలన్నారు. పిల్లని మూడో అంతస్తులో పరుగెత్తమన్నాం. మిగిలినవాళ్లం రెండో అంతస్తులో, డాక్టరమ్మ ఖాళీ చేసిన గదిలో నిలబడి పైకి చూస్తున్నాం. ఓనరు గడియారం చూసుకున్నాడు.

"ఏమీ వినపడట్లేదు," అన్నాడు మామయ్య.

మేస్త్రీ నా వైపు చూశాడు. నేను మామయ్య వైపు చూశాను. ఆయన చెవి మీద వేలు పెట్టి తట్టి చూపించాడు.

"పెట్టుకునే ఉన్నాలే!"

పిల్ల రొప్పుకుంటూ దిగివచ్చి, "గెంతాను కూడా. వినపడిందా?" అని అడిగింది. వాళ్లమ్మ నవ్వింది. ఓనరు నా వైపు తిరిగి, పక్క వీధిలో తనకి ఇలాంటి మేడే ఇంకోటి ఉందని, మామయ్య గారు ఖాళీయేనా అని అడిగాడు.

మేడ దిగుతుండగానే వాన పట్టుకుంది. తడవకుండా ఇంటికి చేరే హడావిడిలో మామయ్య చెవి మిషన్లు తీయడం మరిచిపోయాడు. తల తుడుచుకుని కుర్చీలో కూర్చున్నాడు. టీవీ పెట్టి, మొహం చిట్లించి, వాల్యూం సగానికి సగం తగ్గించాడు. నేను వంటింటి గుమ్మంలో ఆగాను. ఆ కుర్చీ వెనకాల అత్తయ్య గొణుగుడు మొదటిసారి నాకు మాటలుగా వినపడింది.

అవి తిట్లు కావు.

"...పక్కింటావిడ కుట్టుమిషన్ కొంది, రంగేమీ బాలేదు. అబ్బాయి చొక్కా గుండీ ఊడింది, కుట్టాను. దండెం తాడు మార్చాలి. మీ చెల్లెలు ఫోన్ చేసింది. మోకాలు నొప్పిట, మెట్లెక్కలేకపోతోందిట..."

"ఏ మోకాలు?" అన్నాడు మామయ్య, వెనక్కి తిరక్కుండానే.

అత్తయ్య చేతిలో దుప్పటి సగం మడతలో ఆగిపోయింది. ఆయన తల వెనక భాగం వైపు కాసేపు చూసింది.

"ఎడమది," అంది. ముందుకంటే నెమ్మదిగా, పరీక్ష పెడుతున్నట్టు.

"దానికి ఎప్పుడూ ఎడమదే," అన్నాడు మామయ్య. "ఊఁ, తర్వాత?"